సుక్రమ్మ నడిచిన నా నడక

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. అరకులో చాలా ఏళ్ళుగా చిన్న లాడ్జీ నడుపుతున్నాను. పైన ఆరు గదులు, కింద టిఫిను హోటలు. ఒకసారి హైదరాబాదు నుంచి దిగినాయన, రేకుల మీద ఎవరో నడుస్తున్నారని తెల్లారకుండానే పెట్టె సర్దేశాడు. నిచ్చెన వేయించి, పైన కూర్చుని పనస తొనలు తింటున్న మానుపిల్లిని చూపించాను. పాపం ఆయన మొహం చూడాలి. ఏ దెయ్యం కథకైనా నిచ్చెన వేసి ఎక్కితే పిల్లో ఎలుకో దొరుకుతుందని అందరికీ చెప్పేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా నాకు తెలిసిన నిచ్చెనలన్నీ వేసి చూశాను. ఏమీ దొరకలేదు.

మాది ఎస్.కోట. మా ఆవిడ గుండెపోటుతో పోయింది. ఒక్కతే కూతురు హారిక, విశాఖలో నర్సు. తల్లి అలా పోయినదగ్గర్నుంచీ దానికి నా మీద ఒకటే బెంగ. నాకు సుగరూ బీపీ రెండూ బయటపడేసరికి, ఇంక ఊరుకోలేక చవకది ఒక స్మార్ట్ వాచీ కొని పంపింది.

చవకదే గానీ దానికి తెలివితేటలు తక్కువేం కాదు. అడుగులు లెక్కెడుతుంది, గుండె ఎలా కొట్టుకుంటుందో చూస్తుంది, నిద్ర కొలుస్తుంది. కాసేపు కుదురుగా కూర్చుంటే చాలు, బుర్రుమని వణికి లేచి నడవమంటుంది. మా ఆవిడ కూడా నన్నంత సతాయించలేదు. దాని యాప్ నా ఫోన్లో ఉంటుంది. వాచీ ఎక్కడ తిరిగొచ్చినా సరే, నా ఫోను దగ్గరికి రాగానే లోపల దాచుకున్నదంతా అందులోకి దింపేస్తుంది. అదే లెక్క అక్కడ హారిక ఫోన్లోనూ కనబడుతుంది.

నాకేమో నడవమంటే ఒళ్ళు మంట. పొద్దున్నే గల్లాపెట్టె ముందు కూర్చున్నవాణ్ణి, మళ్ళీ భోజనానికే లేచేది. సాయంత్రమయ్యేసరికి ఫోను. "ఏంటి నాన్నా, ఇవాళ కూడా కుర్చీలోంచి కదల్లేదా?" దానికి జవాబు చెప్పలేక చచ్చేవాణ్ణి.

ఒకరోజు హోటల్లో కుర్రాళ్ళతో పందెం వేసి, ఆ వాచీని కూరకి తెచ్చిన ఆనపకాయకి చుట్టాను. ఆకుపచ్చ లైటు మిణుకు మిణుకుమని, ఆనపకాయకి గుండె డెబ్బై రెండుసార్లు కొట్టుకుంటోందని చూపించింది. అందరం పడీ పడీ నవ్వాం. దీని మాటకి ఇంత విలువన్నమాట అనుకున్నాను. ఆ ఆనపకాయే చివరికి నా కొంప ముంచింది.

మా లాడ్జీలో గదులు తుడిచి దుప్పట్లు ఉతికేది సుక్రమ్మ. అరవై దాటి ఉంటాయి. ఊరు కొండ మీద. కాఫీ తోటల్లోంచి కాలిబాట. పొద్దున్న దిగి వచ్చేది, నాలుగింటికి మళ్ళీ ఎక్కి వెళ్ళేది. అడ్డపొగ చుట్ట నోట్లో పెట్టుకుని, నిప్పు లోపలికి తిప్పుకుని కూడా గలగలా మాట్లాడగలిగే మనిషి. నన్ను చూస్తే దానికి వేళాకోళం.

వాచీ దాని చేతికి కట్టి ఇంటికి పంపిస్తే ఎలా ఉంటుందన్న బుద్ధి నాకెప్పుడు పుట్టిందో గానీ, పుట్టిన రోజే కట్టేశాను.

"ఏటి బాబూ, సేతికి సంకెల్లేత్తన్నావు?" అంది.

సంగతి చెప్పాను. నువ్వు నడిస్తే నేను నడిచినట్టు మా అమ్మాయికి కనబడుతుంది అన్నాను. నోరు నొక్కుకుని నవ్వింది.

"నీ బదులు నాను నడవాలా? అయితే నా బదులు నువ్వు దుప్పట్లు ఉతుకు, సరిపోద్ది."

అలా నా నడక మొదలైంది. హారికకి ఒకటే సంబరం. "నాన్నా, కొండలు కూడా ఎక్కేస్తున్నావే!" అని తోటి నర్సులందరికీ చూపించుకుందట. ఒక్కటే దాని ఫిర్యాదు, రాత్రిపూట వాచీ ఎందుకు తీసేస్తున్నావు, నిద్ర అసలు కనబడట్లేదని. సుక్రమ్మ రాత్రి దాన్ని విప్పి బియ్యం కుండలో పెట్టేసేది. ఉన్నట్టుండి ఎలుగుతంది, భయమేస్తంది బాబూ అనేది. పగలు మాత్రం చేతినుంచి తీసేది కాదు. దుప్పట్లు ఉతికేటప్పుడు పైకి జరుపుకుని, తర్వాత కొంగుతో తుడుచుకునేది.

కొన్నాళ్ళకి యాప్‌లో ఎర్ర గుర్తులు రావడం మొదలెట్టాయి. నేను పట్టించుకోలేదు. హారిక పట్టించుకుంది.

"నాన్నా, కొండెక్కేటప్పుడు గుండె జోరుగా కొట్టుకుంటే సరే. కూర్చున్నాక కూడా తగ్గట్లేదు. కాసేపు పరుగు, కాసేపు ఆగినట్టు. అమ్మకీ ఇలాగే కదా మొదలైంది. రేపే బయల్దేరి రా."

అది నా గుండె కాదమ్మా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశావా అంటుందేమోనని మింగేశాను. మింగేసి, మర్నాడు బస్సెక్కి విశాఖ వెళ్ళాను.

ఈసీజీ తీశారు, ఇంకేవో పరీక్షలు చేశారు. గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు డాక్టరు. హారిక అక్కడే నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. "చవక వాచీ కదమ్మా, ఆనపకాయకే గుండె ఉందని చెప్పింది," అని నేనే ఓదార్చాను. సుక్రమ్మ గుండె బాగోలేకపోతే నేను వెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

తిరిగొచ్చేసరికి సుక్రమ్మ కుళాయి పక్కన కూర్చుని ఉంది. సగం ఉతికిన దుప్పటి ముందుంది.

"ఆయాసమొస్తంది బాబూ. బాట మునపట్లాగ నేదు, నిటారైపోనాది."

"బాట కాదే, నువ్వు ముసలిదానివైపోయావు," అన్నాను. అదీ నవ్వింది. చలికాలం, గదులన్నీ నిండి ఉన్నాయి. జనం తగ్గాక దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అనుకున్నాను. ఆ వెంటనే ఆనపకాయ గుర్తొచ్చి, ఏమీ ఉండదులే అని కూడా అనుకున్నాను. వాచీ మాత్రం రోజూలాగే దాని చేతికే ఉంచి పంపించాను.

ఒకరోజు పొద్దున్న సుక్రమ్మ పనికి రాలేదు. నాకు కోపమొచ్చింది, దుప్పట్లు గుట్ట పడిపోయాయని. మధ్యాహ్నానికి కబురొచ్చింది. సగం దారిలో పనసచెట్టు కింద ఒక చదును బండ ఉంది. ఎప్పుడూ అక్కడ కూర్చుని ఊపిరి తీసుకునేదట. అక్కడే చెట్టుకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉందట. పని కోసం దిగి వస్తూనే పోయింది.

నేను వెళ్ళలేదు. గదుల్లో జనం ఉన్నారని నాకు నేనే చెప్పుకున్నాను. సుక్రమ్మ బిడ్డల మొహాలు చూడలేక వెళ్ళలేదన్నది నిజం.

వాళ్ళ ఊళ్ళో, పోయిన మనిషి వాడుకున్న వస్తువులు ఇంట్లో ఉంచుకోరు. అన్నం తిన్న గిన్నె, గొడుగు, చీర, పొగాకు డబ్బా, అన్నీ పూడ్చిన చోటే పెట్టేస్తారు. అందుకని దాని కూతురు బుద్రి కిందికి దిగి వచ్చింది. గుడ్డలో చుట్టిన వాచీ బల్ల మీద పెట్టింది.

"ఇది అమ్మదా, నీదా బాబూ? అమ్మదయితే అమ్మ కాడ ఎట్టీయాల."

హారిక వాచీ ఏది అని అడిగితే ఏం చెప్పాలన్నదే ఆ నిమిషం నాకు తోచింది. "నాదే," అన్నాను. బుద్రి ఇంకో మాట అడక్కుండా వెళ్ళిపోయింది.

వాచీని బల్ల సొరుగులో పడేశాను. నాలుగు రోజులకి దానిలో చార్జింగు కూడా అయిపోయింది. పాడైపోయిందని హారికకి చెబుదామనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

ఈలోగా హారికే ఫోను చేసింది. "మళ్ళీ నడక మొదలెట్టావే నాన్నా! నిన్న కూడా రెండు పూటలా నడిచావు."

నాకు అర్థం కాలేదు. యాప్ తెరిచి చూశాను. పొద్దున్న ఒక నడక, సాయంత్రం ఒక నడక. రెండింటిలోనూ సగం దారిలో కాసేపు ఆగిన గుర్తు.

భయపడలేదు. నిచ్చెన వేద్దామనుకున్నాను. మొబైలు షాపుకి పట్టుకెళ్ళాను. పాత లెక్కలు లోపల ఉండిపోయి ఆలస్యంగా దిగుతుంటాయి సార్ అన్నాడు షాపతను. అయ్యుండొచ్చు అనుకున్నాను. యాప్ తీసేసి మళ్ళీ వేయించాను. వాచీ వెనక మూత తీసి చూపించాడు, బ్యాటరీలో చార్జింగు లేదు. మూత వేయించుకుని తెచ్చి సొరుగులో పెట్టి తాళం వేశాను.

మర్నాడు నాలుగింటికి ముందే ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పట్టపగలు. హోటల్లో పూరీలు వేగుతున్నాయి, ఎదురుగా బస్సులోంచి టూరిస్టులు దిగుతున్నారు. సుక్రమ్మ చేతులు తుడుచుకుని బయల్దేరే వేళకి నా ఫోన్లో అంకె కదిలింది.

ఒకటి, రెండు కాదు. మనిషి నడిచే తీరున పెరుగుతూ పోయింది. తాళం తీసి సొరుగు లాగాను. వాచీ నల్లగా, కదలకుండా, పెట్టినచోటే ఉంది. అంకె పెరుగుతూనే ఉంది. కొంతసేపటికి ఆగింది. చాలాసేపు ఆగింది. పనసచెట్టు దగ్గర కూర్చుందని నాకెవరూ చెప్పక్కర్లేదు. తర్వాత మళ్ళీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా.

ఫోను బోర్లా పెట్టేశాను. దెయ్యమని కాదు. పోయిన మనిషి కూడా నా బదులు కొండెక్కుతోంది, ఎక్కడా కూర్చోనివ్వడం లేదు నేను. అదీ నాకు తగిలింది. "చాలు సుక్రమ్మా, ఇంక కూర్చోవే తల్లీ," అని పైకే అనేశాను. పూరీలు వేసేవాడు వింతగా చూశాడు.

మర్నాడు పొద్దున్నే వాచీ జేబులో వేసుకుని ఆ బాట ఎక్కాను. ఇన్నేళ్ళుగా అరకులో ఉండి, ఒక్కసారీ ఎక్కని బాట. నాలుగు మలుపులకే నాకు రొప్పొచ్చింది. రోజూ రెండుసార్లు ఆ ముసలిది ఎలా నడిచిందో! బండ మీద కూర్చోవడానికి మనసొప్పలేదు. పక్కన నేల మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాను.

బుద్రి ఇంటిముందు చోళ్ళు చెరుగుతోంది. వాచీ తీసి చాపాను.

"అబద్ధం చెప్పానమ్మా. ఇది మీ అమ్మదే."

చాట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "నాకు ఎరికే. బాబు నాకు వాచీ ఇచ్చీసినాడని ఊరంతా సెప్పుకుంది అమ్మ. మరి ఆ రోజు నీదన్నావేటి?"

నేనెప్పుడూ ఇవ్వలేదు దానికి, మోయించానంతే. అది మాత్రం ఇచ్చాననే చెప్పుకుంది.

బుద్రి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. తోట చివర, పేర్చిన రాళ్ళు, వాటి మీద వాలిన గొడుగు. వాచీని గుడ్డతో తుడిచి, అక్కడున్న వాళ్ళమ్మ గిన్నెలో పెట్టింది. గుండె సంగతి, ఎర్ర గుర్తుల సంగతి అప్పుడే చెప్పేయాలనుకున్నాను. బుద్రి కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే, చెప్పకుండానే కొండ దిగి వచ్చేశాను.

ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. పొద్దున్నే హారిక ఫోను, నవ్వుతూ.

"ఇన్నాళ్ళకి వాచీ పెట్టుకుని పడుకున్నావు నాన్నా! ఎంత మంచి నిద్రో, మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ లేదు. ఇంకో తమాషా చెప్పనా? నాతో మాట్లాడుతున్నావా, అదేమో నువ్వింకా నిద్రలోనే ఉన్నావంటోంది."

వాచీ కొండ మీద ఉంది. ఫోను నా చేతిలో ఉంది. ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో నిన్ననే నడిచి వచ్చాను.

"నిద్రపోతోంది నేను కాదమ్మా," అన్నాను. ఇంక ఆపుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను, ఆనపకాయ దగ్గర్నుంచి బుద్రి దాకా.

"ఆ రోజు నువ్వు కాదు, ఆవిడ అని ఒక్క మాట చెప్పుంటే, నీ పక్కనే బస్సులో కూర్చోబెట్టి తీసుకురమ్మనేదాన్ని కదా నాన్నా," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఈ ఆదివారం వస్తానంది. ఇద్దరం కలిసి వెళ్ళి బుద్రికి చెప్పాలి. ఆ పిల్ల ఏమంటుందో తెలీదు, ఏమన్నా పడతాను.

చార్జింగు లేని వాచీ సొరుగులోంచి ఎలా నడిచిందో, కొండ మీదనుంచి నా ఫోన్లోకి ఏం దింపుతోందో, ఎంత ఆలోచించినా నాకు అంతుచిక్కలేదు. మొబైలు షాపతను కూడా తల గోక్కున్నాడు. యాప్ తీసేయమన్నాడు. తీయలేదు. పొద్దున్నే లేచి చూస్తాను. అడుగులు ఏమీ ఉండవు. నిద్ర గీత మాత్రం సాగుతూ ఉంటుంది, మెలకువ లేకుండా. అది చూసుకుని, చెప్పులేసుకుని పనసచెట్టు దాకా నడిచి వస్తాను.

ఆ నడక ఎవరి ఫోన్లోనూ కనబడదు.