తువ్వాలు కట్టుకున్న హీరోయిన్

2006లో గుంటూరులో, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఉండేది మా ఆఫీసు. సెల్‌ఫోన్లలో ఆడుకునే గేములు చేసేవాళ్లం. నేను క్యారెక్టర్ డిజైనర్ని, అంటే గేములో కనిపించే మనుషులకు రూపం ఇచ్చేదాన్ని. ఊళ్లో మాత్రం దాన్ని బొమ్మలేసుకునే పని అనేవారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

హైదరాబాదు కంపెనీ ఒకటి పరుగు గేము అడిగింది. హీరోయిన్ని నేను గీయాలి. పెద్ద కళ్లు, పొడుగు జడ, బుగ్గన సొట్ట, నాకు తెలిసిన అందమంతా పోశాను. గీసిన బొమ్మల్లో ఒక్కటీ నచ్చలేదు వాళ్లకి. అప్పటి ఫోను తెర అగ్గిపెట్టెంత, అందులో ఆ కళ్లు రెండు చుక్కలు. ఈసారీ కుదరకపోతే వేరే ఆర్టిస్టుని చూసుకుంటానని మా ఓనరు ప్రసాద్ గారు మెల్లగా చెప్పారు. కోప్పడే మనిషి కాదు, అందుకే మరీ భయమేసింది.

ఆ శనివారం పర్చూరు దగ్గర మా ఊరు వెళ్లాను. మిరపకోతలు సాగుతున్నాయి. చేలో ఉన్న మార్తమ్మ పిన్నికి అన్నం ఇచ్చి రమ్మంది అమ్మ. అక్కడ ఆడవాళ్లంతా ఒక్కలాగే ఉన్నారు. చీర మీద మగవాళ్ల చొక్కా, ఘాటు తగలకుండా మొహానికి తువ్వాలు. గట్టు మీద నుంచే పిన్నిని చూసి కేకేశాను. కేకేశాక తట్టింది, మొహం కనబడకుండా ఎలా గుర్తుపట్టానా అని. ఎడమ భుజం వాల్చి, కాయలు నిండిన ఒడిని ముందుకు తోసుకుంటూ నడుస్తుంది పిన్ని. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నడకే అది.

మా పనిలో సిల్హౌట్ అంటారు, బొమ్మంతా నల్లరంగు పోసేస్తే మిగిలే ఆకారాన్ని. సోమవారం ఆఫీసుకెళ్లి మొదట పిన్ని నడకలోని ఆ ఆకారమే గీశాను. చొక్కా, తువ్వాలు ఆ తర్వాతే.

"మొహం కప్పేశావేంటమ్మా, దొంగలాగా?" అన్నారు ప్రసాద్ గారు.

"మిరపకోతకెళ్లే మనిషండి. కాస్త దూరం నుంచి చూడండి."

గది చివరికి వెళ్లి చూశారు. పాత బొమ్మలు కూడా ఫోనులో పెట్టి చూపించమన్నారు. అవేవీ కంటికి ఆనలేదు. హైదరాబాదుకు తువ్వాలు బొమ్మే వెళ్లింది, వాళ్లూ సరేనన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజు బాత్రూములోకి వెళ్లి హాయిగా ఏడ్చాను.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు కళ్లతో మొదలుపెడితే రబ్బరు చేతికిస్తాను. గట్టు మీద నుంచి గుర్తుపట్టగలిగితేనే మనిషి, కళ్లకేం తొందర.

గేము వచ్చాక ఫోను పట్టుకుని ఊరెళ్లాను. కోతకొచ్చినవాళ్లంతా మూగి, చూడగానే మన మార్తమ్మే అన్నారు. పిన్ని ఒక్కతే ఒప్పుకోలేదు.

"నేనంత వంకరగా నడుస్తానా ఏంటే?"

"నీ నడక నువ్వెప్పుడు చూసుకున్నావులే," అంది అమ్మ.

పిన్ని తెర వంక అలాగే చూసి, "ఓడిపోద్దా ఇది?" అనడిగింది.

"ఆడేవాళ్లని బట్టి, పిన్నీ."

"అయితే ఇటియ్యి," అని చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను లాక్కుంది.