మత్తడి చేప, నాలుగిళ్ళ పులుసు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఆర్డరిస్తే చేపముక్కలు అట్టపెట్టెలో వచ్చాయి. ముల్లు లేదు, పొలుసు లేదు, నీసు వాసనైనా లేదు. చేపే అనుకోవాలి మరి! ఆ పిల్లకు పాతముచ్చట చెబుదామని నోరు తెరిచానుగానీ ఇంతలో ఫోన్ మోగింది, వెళ్ళిపోయింది. మీరైతే వింటారని మీకు చెబుతున్నాను.

కేసముద్రం దగ్గరి పల్లె నుంచి నేతపనివాళ్ళ కొత్తవాడకు కోడలిగా వచ్చిన మొదటి వానాకాలం అది. ముసురు పట్టి మగ్గం గుంటల్లోకి నీళ్ళొచ్చి, మా వాకిట్లోని నాలుగిళ్ళలోనూ జంపఖానాల నేత ఆగిపోయి, అందరం పచ్చిపులుసుతోనే పూట గడుపుతున్న రోజులు. చెరువు నిండి మత్తడి దుంకుతోందని, అలుగు మీంచి నీళ్ళు పొర్లుతున్నాయని తెల్లవారుతూనే పరుగెత్తిన మా మరిది, చంటిపిల్లంత బొచ్చె చేపను భుజానేసుకుని వచ్చాడు. అది ఇంకా తోక కొడుతూనే ఉంది! వాకిలంతా జాతరైపోయింది. ఒకరు బూడిద తెచ్చారు, ఒకరు చింతపండు నానేశారు, పిల్లలైతే కాలు నిలవక గెంతుతున్నారు.

తీరా చూస్తే అత్తమ్మ కుడిచేతికి గోరుచుట్టు. కత్తిపీట నా ముందుకొచ్చింది. పుట్టింట్లో చిన్న చిన్న పరక చేపలు తప్ప కోసి ఎరగను. పైగా ఆమె నన్ను అప్పటిదాకా 'కేసముద్రం పిల్ల' అనేదేగాని ఒక్కనాడూ కోడలనలేదు, అది నాకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది. ఇప్పుడు చేప పాడు చేశానా, ఇక జన్మంతా అదే పేరు.

"జర పైలం పిల్లా, చేదుకట్టు పలిగితె కూరంత చేదే, నాలుగిండ్లు పస్తే" అంది అత్తమ్మ పక్కనే కూచుని.

చేప పొట్ట చీల్చి, వేలితో తడుముతూ తడుముతూ, ఆ పచ్చటి చేదు తిత్తిని చిట్లకుండా ఊడదీశాను. అబ్బ, ఏం సంబరమో! ఇక చెయ్యి ఆగలేదు. ముక్కలూ తలకాయా పులుసులోకి, గుడ్లు ఉల్లిగడ్డతో వేయించి పిల్లలకు, పొట్టలోని కొవ్వు కరిగించి ఆ నూనెతోనే తాలింపు, పేగులూ పొలుసులూ కడిగిన నీళ్ళూ బీరపాదుకు, తిన్నాక మిగిలిన ముళ్ళు గోడమీద కాచుకున్న పిల్లికి. ఆ రోజు పారేసింది చేదుకట్టొక్కటే.

ఒక్క కుండలో ఉడికిన పులుసు నాలుగిళ్ళ గిన్నెల్లోకి వెళ్ళింది. మొదటి ముద్ద తిని పక్కింటి పెద్దమ్మ ఎవరు కోశారని అడిగితే, "ఇంకెవలు? మా కోడలే" అంది అత్తమ్మ, వాకిలంతా వినబడేలా. నాకు లేచి గంతులేయాలనిపించింది.

ఇప్పుడక్కడ మగ్గాలు పోయి అద్దె గదులు లేచాయి, చేప మాత్రం కోరినప్పుడల్లా గుమ్మంలోకి వస్తోంది. నేనూ అమ్మనయ్యాను, అత్తనయ్యాను, నానమ్మనయ్యాను. నన్ను 'మా కోడలు' అని చెప్పుకునేవాళ్ళే ఒక్కరూ మిగల్లేదు.