అంద్రెయ మావ నీళ్ల సీసా

మా అంద్రెయ మావ ఉపవాసం ఉంటే ముందు పలాసకి తెలియాలి, ఆ తర్వాతే దేవుడికి. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన గొంతు ఆయనది. మిగతా క్యాథలిక్కులు విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకుని నెమ్మదిగా ఈస్టరు ముందరి నలభై రోజుల తపస్సు కాలంలోకి జారుకుంటారు. మావ మాత్రం ఊరందర్నీ ఎక్కించుకుని "రైట్ రైట్" అంటూ బయల్దేరతాడు.

ఒక ఏడు మాంసం మానేశాడు. మానేసినవాడు ఇంట్లో కూర్చోవాలా? ఆదివారం పొద్దున్నే పలాస వెళ్లి మటన్ కొట్టు ముందు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, "నాకొద్దు. తపస్సు కాలం!" అని ప్రకటించి తిరిగొచ్చేశాడు. మరుసటి ఆదివారమూ అంతే!

మరో ఏడు కోపం మానేశాడు. ఆ సంగతి టెక్కలి బస్సులో ఎంత గట్టిగా చెప్పాడంటే, నిద్ర చెడిన ఒకాయన కాలరు పట్టుకున్నాడు.

"నాను కోపం మానేసాను గాబట్టి బతికిపోనావు!" అని మావ అరిచిన అరుపుకి డ్రైవరు బస్సు ఆపేశాడు.

ఇలాంటి భక్తి అంటే నాకు ఒళ్లుమంట. ఈ ఏడు ఫాదరుగారు కూడా, ఉపవాసం గుట్టుగా ఉండాలని మావ వైపే చూస్తూ ప్రసంగించారు. మావ మెచ్చుకోలుగా తలూపి, బయటికి రాగానే గుడి మెట్ల మీద నిలబడ్డాడు.

"ఈసారి నీళ్లు! రోజుకి ఒక్క సీసా!"

ఉద్దానం ఎండల్లో ఒక్క సీసా!

ఆ సీసాతో తిన్నగా భావనారాయణ మాస్టారింటికి వెళ్లాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఇక్కడ చాలామందికి లాగే మాస్టారికీ కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తున్నారు. నీళ్లు కొలిచి తాగమని డాక్టరు మొత్తుకున్నా వినరు. ఆ మధ్య ఒళ్లు ఉబ్బి, ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చింది కూడా. భార్య మంగాదేవిగారు చెంబులు దాచేస్తే, పెరటి కుళాయికే నోరు పెట్టేసేవారు.

అలాంటి మనిషి ముందు మావ సీసా ఆడించాడు.

"ఒరే నారాయణా, నీకో సీసా, నాకో సీసా. సాయంత్రానికి ఎవుడి దాంట్లో ఎక్కువ మిగిల్తే ఆడు గెలిసినట్టు. ఓడినోడు పొద్దున్నే వీధిలో నిలబడి గెలిసినోణ్ణి గురువుగారూ అని పిలవాల."

"కండక్టరు యెదవా, నిన్ను నేను గురువుగారనాలేటిరా?" మాస్టారికి పౌరుషం వచ్చేసింది.

ఇక సాయంత్రమైతే చాలు, సీసాలు పక్కపక్కన పెట్టి చూడ్డానికి వీధంతా వాళ్ల అరుగు దగ్గరే! ఓ రోజు మాస్టారు జీడిపండు చప్పరిస్తూ దొరికిపోయారు.

"పండు నీళ్లేటిరా?"

"రసం కారతంది, నీళ్లు కాదేటి? నువ్వు ఓడిపోనావు!"

మర్నాడు మాస్టారు ముఖం గంటు పెట్టుకుని "గురువుగారూ" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి గెలవడం మొదలుపెట్టారు. మావ ఎప్పుడూ గుక్కెడు తేడాతోనే ఓడేవాడు. మాస్టారి కాళ్ల వాపు తగ్గింది. ఆయాసం తగ్గింది. మంగాదేవిగారు చెంబులు బయటపెట్టారు.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు మావ ఇంటికి వెళ్లాను. పెరట్లో చెంబెత్తి గడగడా తాగుతున్నాడు. తాగేసి, మళ్లీ ముంచుకున్నాడు.

"మావా! దొంగ ఉపవాసమా?"

"మెల్లగా మాటాడు, అల్లుడా!" మావ గుసగుసలాడటం నేను వినడం అదే మొదలు. "నా దాహం దేవుడేటి సేసుకుంటాడు? నారాయణకి తోడు కావాల. దానికి సీసా సాల్దేటి?"

ఫాదరుగారు గుట్టుగా ఉండమన్నది ఉపవాసం. మావ గుట్టుగా చేస్తున్నది తాగడం!

ఈస్టర్ పూజ అవగానే, కొత్త చొక్కాతో, పాత సీసాతో మావ మళ్లీ మాస్టారి అరుగెక్కాడు.

"మీ తపస్సు అయిపోయింది కదరా?"

"ఈ ఏడు పొడిగించారు." మావ తొణకలేదు.

"ఎప్పటిదాకా?"

"ఫాదరుగారు సెప్పనేదు."

ఈ పొడిగింపు కబురు ఊరికి చాటాలని మావ వీధిలోకి దిగగానే, మాస్టారు నా చెవి దగ్గరికి వంగారు.

"రోజూ మీసం తడి ఆరకుండానే వచ్చి కూర్చుంటాడు. నాకు తెలీదనుకుంటున్నాడు. నువ్వు సెప్పీకు, సిగ్గుపడి ఆట మానేత్తాడు."

ఇంతలో నిన్నటి ఓటమి గుర్తొచ్చినట్టుంది, నడివీధిలోంచి మావ గొంతు పలాసకి వినిపించేలా మోగింది.

"గురువుగారో...య్!"

మాస్టారు సీసా మూతలోకి ఒక్క గుక్క వంచుకుని, గొంతు తడుపుకుని, దర్జాగా పలికారు.

"ఏటి, శిష్యా?"