ఊరేగింపు రాని పాఠం

నేను బీఎడ్ చదివిన రోజుల్లో తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. కాలేజీ జగిత్యాలలో, పాఠాలు చెప్పి నేర్చుకోవాల్సిన బడి కోరుట్లలో, ఇల్లు సిరిసిల్లలో. బస్సు నడిచిన రోజు నేను టీచర్ని. నడవని రోజు మా నాన్న సాంచాల దగ్గర దారం కండెలు చుట్టేదాన్ని. మరమగ్గాలను మా దగ్గర సాంచాలనే అంటారు.

మా చదువులో పాఠానికి మెట్లుండేవి. మొదట పిల్లలకు ఆసక్తి పుట్టించాలి. తర్వాత పాఠం పేరు చెప్పి బోర్డు మీద రాయాలి. ఆ తర్వాత అసలు పాఠం, చివర ప్రశ్నలు, ఇంటిపని. మొదటి రెండు మెట్లలో నేను ఆరితేరాను. మూడో మెట్టు మీద కాలు పెడదామనుకునేసరికి వీధిలో డప్పు మోగేది. డప్పు వెనక నినాదాలు, నినాదాల వెనక డిగ్రీ కాలేజీ కుర్రాళ్లు. మెడలో తువ్వాల వేసుకున్న వాళ్ల నాయకుడు గుమ్మంలో నిలబడి, బడి బంద్, పిల్లల్ని వదిలిపెట్టమని మర్యాదగానే చెప్పేవాడు. వెనక బెంచీలో కూర్చుని నాకు మార్కులు వేయాల్సిన మా సారు పెన్ను జేబులో పెట్టుకుని అందరికంటే ముందు బయటికి నడిచేవాడు.

నాకు కోపం వచ్చేది కాదు. తెలంగాణ నాకూ కావాలి. పిల్లలతో పాటు చౌరస్తా దాకా పోయి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి వచ్చేదాన్ని. ఇంటికి చేరాకే దిగులు పట్టుకునేది. వంట నేర్చుకోవడానికి పోయి పొయ్యి ముట్టించడం దగ్గరే ఆగిపోయినట్టుంది నా చదువు. మా నాన్న ఊరుకునేవాడా?

"ఇయ్యాల ఏం పాఠం చెప్పినవ్ బిడ్డ?"

"వానపాము."

"ఎంతదాక?"

"పేరు దాక."

సాంచాల చప్పుడులో కూడా ఆయన నవ్వు వినబడేది.

అలాంటి నాకు ఇంగ్లండులో ఒక టర్మ్ చదివే అవకాశం వచ్చింది. ఇంటర్వ్యూకు వచ్చిన అక్కడి కాలేజీవాళ్లు అడిగింది ఒకటే: పాఠం ఎలా మొదలుపెడతావో చూపించు. మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్లు జిల్లాలో లేరు. ఎంపికయ్యాను. అయితే అక్కడ టర్మ్ చివర గంటసేపు పూర్తి పాఠం చెప్పి పాసవ్వాలి, తప్పితే టీచర్ చదువంతా మళ్లీ మొదటికొస్తుందన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

ప్రయాణం రోజున కూడా బంద్. సిరిసిల్ల దాటకముందే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు నడిపిస్తున్నారు. మా నాన్న కిరాయి కారు దిగి, పిల్ల చదువుకోవడానికి పరదేశం పోతోందని చెప్పాడు. వాళ్లు దారి ఇవ్వడానికి ఒప్పుకున్నారు కానీ, వండిన అన్నం తినకుండా కదలనివ్వం అన్నారు. విస్తరిలో పులిహోర పెట్టి, "కడుపునిండ తిను చెల్లె, మల్ల గాడ ఏం దొరుకుతదో ఏమో" అన్నాడొకాయన. విమానాశ్రయంలో మా నాన్న ఒక్క మాటే అన్నాడు.

"గాడ బంద్‌లుండయట బిడ్డ. ఒక్క పాఠమన్న ఆఖరుదాక చెప్పిరా."

ఈసారి ఆయన నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడ బస్సులు చెప్పిన వేళకు వచ్చేవి. అది నాకు మొదట్లో అనుమానంగా ఉండేది. రేపు బస్సులుంటాయా అని నేను అద్దెకున్న ఇంటావిడను రోజూ సాయంత్రం అడిగేదాన్ని. ఎందుకైనా మంచిదని ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, పాలపొడి మంచం కింద దాచాను. గది ఊడ్వడానికి వచ్చి అవి చూసిన ఆవిడ, పెద్ద తుఫాను ఏమైనా రాబోతోందా, నీకు తెలుసా అని భయంగా అడిగింది.

పరీక్ష పాఠం రోజు రానే వచ్చింది. మా సాంచ మీద నేసిన తెల్లబట్ట ముక్కను పిల్లలకు చూపించి, ఇదెలా తయారైందో చెప్పమన్నాను. ఒకరిని మించి ఒకరు చేతులెత్తారు. బోర్డు మీద 'బట్ట కథ' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. పెన్నుకు మూత పెట్టాను. చేతులు దులుపుకుని తలుపు వైపు చూశాను.

పిల్లలూ తలుపు వైపు చూశారు. వెనక కూర్చున్న పరీక్షాధికారి, నెరిసిన జుట్టు పెద్దావిడ, ఆవిడ కూడా తలుపు వైపు చూసింది.

ఎవరూ రాలేదు. డప్పు లేదు, నినాదం లేదు. చివరికి ముందు వరసలో పాప, "మిస్, ఎవరి కోసం చూస్తున్నాం?" అని అడిగింది.

అబద్ధం తోచక నిజమే చెప్పాను. మా ఊళ్లో అయితే ఈపాటికి డప్పు కొట్టుకుంటూ మనుషులు వచ్చి బడి మూయించేవాళ్లని. ఈ ఏర్పాటు పిల్లలకు తెగ నచ్చింది. వాళ్లను ఇక్కడికి పిలిపించగలవా అని అడిగారు. దారి దూరం, రాలేరన్నాను.

ఇక మూడో మెట్టు ఎక్కాల్సిందే. రాసుకొచ్చిన పాఠంలో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. చేతిలో బట్ట మాత్రం ఉంది. సాంచాల మధ్య పుట్టినదాన్ని, అదే నన్ను ఆదుకుంది. పిల్లలను పడుగులోని నిలువు దారాల్లా వరసగా నిలబెట్టాను. ఒకరు ముందుకు, పక్కవాళ్లు వెనక్కి. మధ్యలోంచి ఒకడు ఊలుదారం పట్టుకుని, అడ్డదారం మోసే నాడె లాగా దూరి పరుగెత్తాలి. వాడు దాటగానే ముందున్నవాళ్లు వెనక్కి, వెనకున్నవాళ్లు ముందుకు. సాంచ చప్పుడు కావాలని వాళ్లే పట్టుబట్టారు. ధనాధన్ కాళ్లతో నేలను కొట్టేసరికి తలుపు తెరుచుకుని గుమ్మంలో ఒక మనిషి కనబడ్డాడు. హమ్మయ్య, వచ్చారనుకుని పిల్లలను బయటికి పొమ్మనబోయాను. ఆయన పక్క తరగతి టీచరట, కాస్త మెల్లగా నేయమని చెప్పిపోయాడు.

గంట కొట్టినా మేము ఆపలేదు. ప్రశ్నలయ్యాయి, ఇంటిపని అయింది. పెద్దావిడ నన్ను పాస్ చేస్తూ, ఒక లోపం మాత్రం దిద్దుకోవాలంది: నీకు పాఠం ఆపడం తెలియడం లేదు. నేను కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. బాధపడ్డాననుకుని ఆవిడ పరుగున పోయి టీ తెచ్చింది.

తిరిగొచ్చేసరికి ఉద్యమం ఇంకా ఉధృతమైంది. కోరుట్ల బడిలో నా ఆఖరి పాఠం. పట్టుబట్టి వానపామునే ఎంచుకున్నాను. మూడో మెట్టు ఎక్కేశాను, సగం దాటాను. అప్పుడు మోగింది డప్పు. సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తువ్వాల నాయకుడు గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా, జర ఆగు," అన్నాను. "పాఠం నడుస్తుంది. అయిపోంగనే నేను గూడ అస్త."

అలా ఎవరూ ఎప్పుడూ అనలేదు కాబోలు, అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. డప్పు ఆగింది. ఊరేగింపు ఊరేగింపంతా వరండాలో నిలబడి, కిటికీల్లోంచి వానపామును విన్నది. సారు మళ్లీ పెన్ను తీశాడు. పాఠం ముగించి, వానపామును రైతు నేస్తమని ఎందుకంటారని అడిగాను. పిల్లలు బిత్తరపోయారు. ఇంతదాకా వచ్చిన పాఠం వాళ్లూ ఎన్నడూ వినలేదు. గుమ్మంలోంచి నాయకుడే మెల్లగా అన్నాడు.

"అదుంటే మన్ను గుల్లగైతది మేడం."

కరెక్ట్, కూర్చో అన్నాను అలవాటుగా. అతను నిజంగానే గడప మీద కూర్చున్నాడు.

ఇంటిపని ఇచ్చాక అందరం కలిసి చౌరస్తాకు పోయాం. ఆ రోజు అరిచినంత గట్టిగా నేను ఎన్నడూ అరవలేదు.

సిరిసిల్ల చేరేసరికి నాన్న సాంచ మీద ఉన్నాడు. తల ఎత్తకుండానే ఏం పాఠం అన్నాడు. వానపాము అన్నాను. ఎంతదాక అన్నాడు.

"ఇంటిపని దాక."

నాన్న నడుస్తున్న సాంచను ఆపి, నా వైపు తిరిగాడు.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డ. చప్పుడుల ఇనపడలే."