మా చిన్నమ్మ కాలు, చిన్నాయన కారు

మా చిన్నప్పుడు... మొరప్పూర్ దారిలో మా చిన్నాయన కారు ఆగిపోయేది. ఎండలో నల్లగా మెరుస్తూ పరుగెత్తి పరుగెత్తి, ఉన్నట్టుండి నీరసించేది. ముందు రొద తగ్గేది... తర్వాత రెండు మూడు సార్లు ఎగిరెగిరి పడేది... ఆపైన అంతా నిశ్శబ్దం. దూరంగా వత్తల్‌మలై కొండ మబ్బులో సగం మునిగి, నీలంగా కనబడేది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాసి పెడుతోంది. మొన్న ఒక పెళ్లిలో మా దాయాది ఒకామె, ఇన్నేళ్ల తర్వాత కూడా, "ఆ రాజమ్మ కాలు పెట్టినాకనే కదా కారు పడుకునింది" అంది. నలుగురి ముందర అక్కడే కడిగేశాను. నాకది చాల్లేదు. జవాబు చెప్పుకోవడానికి రాజమ్మ ఇప్పుడు లేదు. నేనున్నాను. ఆ కారు వెనక సీట్లో కూర్చున్నదాన్ని నేనే.

రాజమ్మ అంటే మా చిన్నమ్మ, చిన్నాయన భార్య. జోలార్‌పేట పక్కనుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. తమిళనాడు ధర్మపురిలో మా ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది చిన్నాయన బాడుగకు తిప్పే ఆ పాత కారే. చిన్నమ్మ వచ్చాక జరిగిన మొదటి ఆయుధపూజకు చిన్నాయన తల్లి, మా అవ్వ, కారుకు దండ వేసి, సాన మీద చిక్కగా గంధం తీసి, కనబడిన చోటల్లా పెట్టింది. దీపాలకు, స్టీరింగుకు, హారనుకు... చివరికి పెట్రోలు మూతకు కూడా.

"అది దాని నోరు కదరా, నోటికి పెట్టకుంటే ఎట్ల?" అంది.

ఆ పండగ తర్వాతే కారుకు జబ్బు మొదలైంది. మెకానిక్ కార్బరేటర్ విప్పి ఊదాడు, ప్లగ్గులు మార్చాడు. షెడ్డు చుట్టూ తిప్పితే బంగారంలా తిరిగేది. ఊరు దాటి కొంత దూరం పోయాకే ప్రాణం పోయేది. పెట్రోలు ఉందో లేదోనని చిన్నాయన మూత తీసి, పుల్ల ముంచి చూసి, మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే... ఏమీ ఎరగనట్టు బయలుదేరేది.

దిష్టి అంది అవ్వ. ప్రతి శుక్రవారం చక్రాల కింద నిమ్మకాయలు, ఉప్పూ మిరపకాయలూ, పాత గంధం మీద కొత్త గంధం.

బాడుగ లేని రోజుల్లో చిన్నాయన నన్నూ చిన్నమ్మనూ ఎక్కించుకొని కారును పరీక్షించేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు అది ఆగితేనే ఇష్టం. ఇంజను చల్లబడుతూ టిక్... టిక్... అనేది. కాగిన సీటు వాసన, రాగిచేల మీదుగా వచ్చే గాలి, నా తలలో చిన్నమ్మ వేళ్లు... ఆ మధ్యాహ్నాలు ఎక్కడికీ పోయేవి కావు, మాతోబాటే రోడ్డు పక్కన కూర్చునేవి.

ఊరికి మాత్రం వేరేలా కనబడింది. ఆమె వచ్చాక కారు చెడింది, ఆమె ఎక్కితే ఆగింది. ఒకసారి పెళ్లికొడుకునే దారిలో నిలబెట్టేసరికి బాడుగకు పిలిచేవాళ్లు మానేశారు.

"ఏమ్రా, పెండ్లాము కావాల్నా, కూడు కావాల్నా? దాన్ని పుట్టింట్లో వదిలిపెట్టి రా" అంది అవ్వ.

మర్నాడు చిన్నమ్మ పెట్టె సర్దుకుంది. మొరప్పూర్‌లో రైలెక్కించడానికి బయలుదేరాం. తోడుగా నేను.

ఎప్పుడూ ఆగే ఆ రోడ్డు ఎత్తు దగ్గరే మళ్లీ ఆగింది. చిన్నమ్మ ఏడవలేదు. చిన్నాయన దిగి మూత తిప్పాడు. ఉస్స్...మని చప్పుడు.

"ఏందది?" అంది చిన్నమ్మ.

"ఏముంది, పెట్రోలు ఆవిరి."

"బయటికి ఊదినట్టు లేదే. లోపలికి పీల్చినట్టుంది. ఎప్పుడూ మీరు ఆ మూత తీసినాకనే కదా ఇది కదిలేది? నూనె డబ్బాకు ఒకటే పొక్కు పెడితే నూనె దిగుతుందా? గాలి పోయేదానికి ఇంకొకటి పెట్టొద్దా?"

చిన్నాయన మూతను వెలుగుకు పట్టి చూశాడు. గాలి లోపలికి పోవడానికి దానికొక సన్నటి రంధ్రం ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ పొక్కు మీద మా అవ్వ భక్తి, పొర మీద పొర, గోడకు సున్నం కొట్టినట్టు గట్టిపడి ఉంది. చిన్నమ్మ కొప్పులోంచి పిన్ను తీసి ఇచ్చింది. ఆయన గీకి, పొడిచి, ఊది, రోడ్డు మీదే కూలబడి నవ్వసాగాడు.

"నవ్వింది చాలు, రైలు పోతుంది" అంది చిన్నమ్మ.

ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు. స్టేషనుకు చేరాం, రైలు వచ్చింది. చిన్నాయన పెట్టె కింద పెట్టలేదు.

"ఇంటికి పోదాం పా."

"పొమ్మనింది అత్త. రమ్మనేది కూడా అత్తే అనాల."

రైలు వెళ్లిపోయింది. మేం వెనక్కి వచ్చాం. ఇంటి ముందు కారు ఆగినా చిన్నమ్మ దిగలేదు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. చిన్నాయన మూత తీసి అవ్వ చేతిలో పెట్టాడు.

"చూడు మా, దాని నోరు నువ్వే మూసినావు."

అవ్వ ఒక కన్ను మూసి ఆ పొక్కులోంచి ఆకాశాన్ని చూసింది. లోపలికి పోయి, గంధం గిన్నెతో వచ్చింది. చిన్నాయన రెండు చేతులూ పెట్రోలు నోటికి అడ్డం పెట్టి, "వద్దు మా!" అని అరిచాడు.

"తప్పుకోరా" అని అవ్వ కారు ముందరి తలుపు తీసింది. గిన్నెలోని గంధమంతా చిన్నమ్మ చెంపలకు, మెడకు పూసి, నుదుట బొట్టు పెట్టింది.

"దిగు. కూడు చల్లారిపోతుంది" అంది. అంతే.

ఇప్పటి కార్లకు ఏ జబ్బు చేసినా ముందే లైటు వెలుగుతుందట. అద్దాలు ఎత్తేసుకొని పోతుంటే వత్తల్‌మలై కూడా మాట్లాడకుండా జారిపోతోంది... దారిలో ఎవరూ ఆగడం లేదు. ఆ పాడు మాట ఒక్కటే, ఇన్నేళ్లయినా ఆగకుండా తిరుగుతోంది.

మీ ఇళ్లలోనూ ఏ కోడలి కాలికో కట్టిన నింద ఉంటే ఇక్కడ చెప్పండి... గీకేద్దాం. చిన్నమ్మ పిన్ను ఇంకా నా కొప్పులోనే ఉంది.