వోబ్బె కొన్న రెండు సీట్ల సైకిల్

నెదర్లాండ్స్‌లోని మా ఫ్రీస్‌లాండ్‌లో పిల్లలకు నడక కుదరకముందే సైకిల్ ఎక్కిస్తారు. వోబ్బె టిమ్మెర్మా అలా ఎక్కి డెబ్బై ఏళ్ళు దిగలేదు. పాల ఫ్యాక్టరీలో పనికీ, పెళ్ళికీ, చివరికి భార్య అంత్యక్రియలకీ దాని మీదే వెళ్ళాడు. కిందటేడు చూపు మసకబారి కాలువలో పడ్డాక కూతురు సైకిల్ పట్టుకుపోయింది. అప్పటినుంచి కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయే చక్రాల చప్పుడు వినేవాడు.

నేను ఆయన ఇంటి పై వాటాలో ఉంటాను. పని పోయి, పుస్తకాలతోనూ లోకం మీద కోపంతోనూ కాలం గడుపుతున్న రోజులవి.

"ఒరే యెల్మెర్, నీ ఫోన్లో పాత సామాన్ల సంత ఉంటుందటగా. రెండు సీట్ల సైకిల్ వెతికిపెట్టరా," అన్నాడు వోబ్బె ఒకరోజు.

"ముందు సీట్లో ఎవరు తాతా?"

"సైకిల్ దొరకనీ. వెనక సీటు మాత్రం నాది."

అందమైన ఫొటోలు వద్దన్నాడు. అవన్నీ వ్యాపారులవి, ధర మండిపోతుందట. 'షెడ్డు ఖాళీ చేస్తున్నాం' అని రాసినవే చదివించుకున్నాడు. చలికాలమంతా చదివాను. చివరికి చీకటి ఫొటో ఒకటి కనిపించింది: కోళ్ళగూడు పక్కన నల్లటి పాత సైకిల్, రెండు సీట్లు, అరవై యూరోలు.

"గొలుసు మీద మూత ఉందా?"

"ఉంది."

"అయితే లోపల గొలుసు తుప్పుపట్టకుండా బతికే ఉంటుంది. పద."

బస్సులో వెళ్ళాం. అమ్మే ఆవిడ పేరు చిట్స్కె. భర్త పోయాక షెడ్డు ఖాళీ చేస్తోంది. కాఫీ, తలో బిస్కట్ ఇచ్చింది గానీ డబ్బు ముట్టుకోలేదు.

"నిన్న ఒకాయన రెట్టింపు ఇస్తానన్నాడు. హోటల్ గోడకి వేలాడదీస్తాడట! పొమ్మన్నాను. తొక్కేవాళ్ళకే ఇస్తాను. ఇద్దరూ ఇక్కణ్ణుంచే తొక్కుకుంటూ వెళ్ళండి. లేదంటే ఇంకో కాఫీ తాగి బస్సెక్కండి."

వోబ్బె ముఖం నావైపు తిరిగింది.

"రెండు సీట్లది నాకు అలవాటు లేదు తాతా."

"నాకు కళ్ళు లేవు. సరికి సరి. ఎక్కరా!"

అప్పుడు ఆవిడ డబ్బు తీసుకుంది. గులకరాళ్ళ మీద తాగినవాళ్ళలా ఊగిపోయాం. చిట్స్కె గేటు పట్టుకుని పగలబడి నవ్వింది. సముద్రపు కట్ట ఎక్కగానే గాలి ఎదురుగా కొట్టింది. ఇక ఆగిపోతాం అనుకున్నాను. అప్పుడు నా పాదాల కింద పెడళ్ళు వాటంతటవే తిరిగాయి. ఆ బలం ఒక ముసలివాడి కాళ్ళలోంచి కాదు, నేలలోంచే వస్తున్నట్టుంది. మలుపులో నేను ఒరిగిన క్షణంలోనే, చెప్పకుండానే, ఆయనా ఒరిగాడు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గానీ ధైర్యం చాలలేదు.

"ఎడమ పక్క సముద్రం కదూ? నీళ్ళు వెనక్కి పోయాయి. బురద వాసనొస్తోంది."

"అవును తాతా."

ఆ బురద మీదనుంచి వేల పక్షులు ఒక్కసారిగా లేచాయి. రెక్కల హోరు మా తలల మీదుగా సాగిపోయింది.

"బెల్లు కొట్టరా!" అని అరిచాడు వెనకనుంచి.

దారిలో ఎవరూ లేరు. అయినా కొట్టాను.