పద్నాలుగో గడి

ఆవిడ పని పేర్లు అతకడం. ఆసుపత్రి రిసెప్షన్‌లోని తెర మీద నలభై గళ్లు, గడికొక మంచం. ప్రతి గడికీ పైకి కనపడని ఐడీ ఒకటి ఉంటుంది. నర్సు అంకె నొక్కగానే ఆవిడ రాసిన జావాస్క్రిప్ట్ "మంచం-" అన్న మాటకు ఆ అంకెను తగిలించి, అప్పటికప్పుడు పుట్టిన ఆ పేరుతో పిలుస్తుంది. ఆ పేరున్న గడి పలుకుతుంది. మనిషి చేరితే ఎరుపు, వెళ్తే ఆకుపచ్చ.

పోయిన నెల అక్కను పద్నాలుగో మంచంలో చేర్చారు. అక్కను అంకెతో పిలవడానికి ఆవిడకు మనసొప్పలేదు. గడి ఎర్రబడ్డాక దాని ఐడీ చెరిపి "అక్క" అని రాసింది. తన కంప్యూటర్ తెర మూలన చిన్న కిటికీ తెరిచి, అందులో ఆ పేరుతో వెతికి ఆ ఒక్క గడినే చూసుకునేది. ఎర్రగా ఉంటే అక్క ఉన్నట్టే.

అక్క పోయి ఆరు రోజులు. గడి ఎర్రగానే ఉంది. ఆవిడ పనికి వస్తోంది, చల్లారిన టీ తాగుతోంది. ఏడుపు రావడం లేదు. పన్ను పీకే ముందు చిగుళ్లకు మత్తు సూది వేసినట్టు లోపలంతా మొద్దుబారింది.

ఫోన్ మోగింది. రిసెప్షనిస్టు.

"మేడం, పద్నాలుగు ఖాళీ అని నర్సు మొత్తుకుంటోంది. మీ తెరేమో నిండిందంటోంది. అది ఒప్పుకోకుండా మంచం ఇవ్వలేనండీ. ఇక్కడో పెద్దాయన రెండు గంటలుగా కుర్చీలోనే ఆయాసపడుతున్నాడు."

పక్క సీటులో కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగి, ఆఫీసంతా భూతద్దం అని పిలిచే మనిషి, ఫోన్‌లో మాటలు చెవినపడి అప్పటికే ఆ కోడ్ తెరిచాడు.

"చూడు తల్లీ, మంచం-14 అని పిలిస్తే అలాంటివాళ్లెవరూ లేరంటోంది. నల్, శూన్యం! ఊళ్లో లేనివాడికి ఉత్తరం రాసినట్టుంది." ఇంకాస్త కిందికి జరిపి నవ్వాడు. "అక్క అట! గళ్లతో చుట్టరికాలు కలిపిన మహానుభావుడెవడో!"

"నేనే."

నవ్వు ఆగిపోయింది. "నేను మార్చనా?" అన్నాడు మెల్లగా.

"వద్దు. నా చేత్తో పెట్టిందే కదా."

ఒక్క మాట. చెరపడానికి క్షణం పట్టలేదు. దాని చోట "మంచం-14" అని కొట్టి సేవ్ చేసింది. మూలనున్న చిన్న కిటికీలోంచి రంగు పోయింది. అది ఇంకా అక్కనే వెతుకుతోంది.

"మళ్లీ నొక్కమనండి," అంది ఫోన్‌లో.

"ఆ... ఆకుపచ్చ వచ్చిందండీ!" రిసెప్షనిస్టు ఫోన్ పెట్టడం మరిచి, పక్కకు తిరిగి మాట్లాడుతోంది. "లేవండి తాతగారూ, మెల్లగా. సిస్టర్, ఆక్సిజన్ ఉందా అక్కడ?"

చక్రాల కుర్చీ కదిలిన చప్పుడు. ఆవిడ రిసీవర్‌ను చెవికి ఆనించి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నది.